పొట్లముపై వ్రాయని మాట

రేణిగుంట పెద్ద రైలు కూడలి. ఇచటినుండి ఒక దారి గూడూరునకు, ఒకటి అరక్కోణమునకు, ఒకటి కడప మీదుగా గుంతకల్లునకు, మరియొకటి తిరుపతికిని పోవును. రాత్రింబవళ్ళు బండ్లు వచ్చుచు పోవుచుండును. మనుష్యులవలెనే సరకులును నలుదిక్కులనుండి ఈ ఊరికి చేరును. ఏ జిల్లా ధాన్యమో, ఏ రాష్ట్రపు పప్పో, ఏ దేశపు నూనెయో ఇచటి అంగళ్ళలో ప్రక్కప్రక్కన కూర్చుండును. బండి దిగిన మనిషిని "ఎచటినుండి వచ్చుచున్నావు?" అని అడిగినచో బదులు చెప్పును. సంచిలోని గింజకు నోరు లేదు. దానికి బదులుగా మాటాడవలసినది పొట్లముపై అంటించిన చీటీయే. ఆ చీటీ ఏమి చెప్పుచున్నది, ఏమి చెప్పకున్నది అనునదియే ఈ పాఠములోని విషయము.

రేణిగుంట స్టేషనుకు కొంత దూరములో ఒక ఇంట ఒక అవ్వయు, ఆమె మనుమరాలును ఉండిరి. మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచుండెను. అవ్వకు చదువు రాదు. ఆమె వయసులో ఉన్న దినములలో మెట్టచేలలో వేరుసెనగ పండించి, కాయలు ఒలిచి, పప్పును గానుగకు పట్టుకొని పోయెడిది. ఎద్దు తిరుగుచుండగా గానుగ ప్రక్కన కూర్చుండి, నూనె కారుట కన్నులార చూచి, చెక్కతో సహా ఇంటికి తెచ్చుకొనెడిది. ఆ నూనె ఏ గింజదో, ఆ గింజ ఏ చేనిదో, ఆ చేనికి ఏ ఎరువు వేసిరో ఆమెకు తెలియును. ఆ కాలమున ఆమెకు చీటీతో పని లేకపోయెను.

ఒకనాటి సాయంకాలము మనుమరాలు అంగడినుండి నూనె పొట్లము తెచ్చెను. వేరుసెనగ నూనె ధర హెచ్చుగా ఉండుటచే, చవుకగా దొరకిన మరియొక నూనెను తీసికొనెను. అవ్వ దానిని చేతబట్టి త్రిప్పి చూచి, "పచ్చచుక్క ఉన్నది. శాకాహారమే" అనెను. ఆ గుర్తు ఆమెకు తెలియును. దానిని చదువుటకు అక్షరములు అక్కరలేదు గదా! తరువాత, "పాపా, ఇది దేని నూనె?" అని అడిగెను.

"ప్రత్తిగింజల నూనె అని వ్రాసినారు, అవ్వా!"

అవ్వ పొట్లమును క్రింద పెట్టెను. "ప్రత్తిచెట్టులోనే పురుగును చంపు గుణమును చేర్చినారని మీ తాత చెప్పుచుండెను. ఆ ప్రత్తి గింజయేనా ఇది? చీటీమీద ఆ మాట ఉన్నదేమో చూడు" అనెను.

మనుమరాలు పొట్లమును ఇరుప్రక్కల చదివెను. నూనె పేరు, తూకము, ధర, తయారైన తేది, ఎప్పటిలోగా వాడవలెనో ఆ గడువు, తయారుచేసినవారి చిరునామా, 14 అంకెల అనుమతి సంఖ్య, ఇన్ని కనబడెను. అవ్వ అడిగిన మాట మాత్రము కనబడలేదు.

"ఏమియు వ్రాయలేదు, అవ్వా!"

"వ్రాయలేదనగా ఆ గుణము లేదనియా, ఉన్నదని చెప్పలేదనియా?"

మనుమరాలికి బదులు తోచలేదు. ఆ రాత్రి ఇంట తాళింపు ఆలస్యమాయెను.

మరునాడు తరగతిలో ఆమె లేచి నిలిచి, జరిగినదంతయు అయ్యవారికి విన్నవించెను. పిల్లలు కొందరు నవ్విరి. అయ్యవారు నవ్వలేదు. "అమ్మాయీ! మీ అవ్వ అడిగిన ప్రశ్ననే మంత్రులును, న్యాయమూర్తులును, శాస్త్రజ్ఞులును ఇన్ని ఏండ్లుగా తర్కించుచున్నారు. అది నవ్వదగినది కాదు. ఈ దినము మనమును దానినే విచారింతము" అని ఇట్లు చెప్పదొడగెను.

"ప్రతి ప్రాణి శరీరమును కణములతో కట్టబడినది. కణములో డి.ఎన్.ఏ. అను సన్నని పొడవైన పోగు కలదు. ఆ పోగులో ఒక్కొక్క గుణమునకు సంబంధించిన భాగమును జన్యువు అందురు. వంకాయ ఊదారంగుగా నుండుటకును, వరికంకికి ఇన్ని గింజలు పట్టుటకును జన్యువులే కారణము. రైతులు వేలయేండ్లనుండి మంచి కంకిని ఏరి విత్తనమునకు దాచుకొనుచున్నారు. శాస్త్రజ్ఞులు ఒక రకపు పుప్పొడిని మరియొక రకపు పూవునకు తాకించి, రెండింటి మేలిగుణములు గల క్రొత్త రకములను పుట్టించుచున్నారు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలయైన సాంబమసూరి వరి అట్టిదే. కాని ఆ కలయిక వరికిని వరికిని నడుమ జరిగినది. జన్యుమార్పిడి అట్లు కాదు. ఒక జాతి ప్రాణియందలి జన్యువును వేరుచేసి, దానితో ఎన్నడును కలియని మరియొక జాతిలో చేర్చుటయే జన్యుమార్పిడి.

"మట్టిలో నివసించు సూక్ష్మజీవి యొకటి కలదు. పట్టుపురుగులకు వచ్చు జబ్బును పరిశీలించుచు జపానువారు దానిని 1901లో కనుగొనిరి. 1911లో జర్మనీలోని థురింజియా ప్రాంతమున అది మరల కనబడెను. ఆ ప్రాంతపు పేరుమీదనే దానికి బ్యాసిల్లస్ థురింజియెన్సిస్ అను పేరు వచ్చెను. బి.టి. అని మనమందరము వినుచున్న రెండక్షరములు ఆ పేరునకు పొడి అక్షరములే. ఈ సూక్ష్మజీవి తయారుచేయు ఒక మాంసకృత్తు గొంగళిపురుగు కడుపులోనికి పోయినచో, అచటి క్షారగుణముచే విచ్చుకొని, పేగుగోడకు అంటుకొని దానిని తూట్లు పొడుచును. పురుగు మేత మాని చచ్చును. ఆ మాంసకృత్తును తయారుచేయు జన్యువును ప్రత్తిలో చేర్చిరి. అప్పుడు ప్రత్తిమొక్కయే తనలో ఆ మాంసకృత్తును తయారుచేసికొనును. కాయతొలుచు పురుగు దానిని కొరికినచో చచ్చును. ఇదియే బి.టి. ప్రత్తి. మన దేశమున 2002వ సంవత్సరము మార్చి నెలలో దీని సాగునకు అనుమతి లభించెను. తరువాతి సంవత్సరములలో అది ఎంతగా వ్యాపించెననగా, దేశములోని ప్రత్తిచేలలో నూటికి తొంబది పాళ్ళకు పైగా ఈ రకములే నిండిపోయెను."

అంతట వెనుక బల్లనుండి ఒక బాలుడు లేచి, "అయ్యవారూ, పురుగును చంపునది మనిషిని చంపదా?" అని అడిగెను.

"మంచి ప్రశ్న. మన కడుపులో క్షారగుణము లేదు, ఆమ్లగుణము కలదు. ఆ మాంసకృత్తు అంటుకొనుటకు తగిన తావులును మన పేగులలో లేవు. అందుచే అది మనుష్యులకు హాని చేయదని దానిని పరీక్షించినవారు చెప్పుచున్నారు. ఇదియుగాక, ప్రత్తిగింజల నూనెను తీసినది తీసినట్లు ఎవరును తినరు. పచ్చి ప్రత్తిగింజలో గాసిపాలు అను విషపదార్థము సహజముగానే ఉండును. దానిని తొలగించుటకై నూనెను శుద్ధిచేయుదురు. ఆ శుద్ధిలో మాంసకృత్తులును దాదాపుగా పోవును. విపణిలో అమ్ముడగుచున్న జన్యుమార్పిడి ఆహారములు భద్రతాపరీక్షలలో నెగ్గినవనియు, వానివలన ఆరోగ్యమునకు కీడు కలుగునట్లు కనబడలేదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పియున్నది. మా యింటను ఒక్కొక్కప్పుడు ఆ నూనె వాడుదుము" అని అయ్యవారు బదులు చెప్పెను.

"అట్లయిన మా అవ్వకు భయమెందులకు?" అని మనుమరాలు అడిగెను.

"మీ అవ్వ భయపడినదని నేననుకొనను. ఆమె ప్రశ్నించినది. భయము వేరు, ప్రశ్న వేరు. ప్రశ్న ఎందులకు కావలెనో రెండు కథలు చెప్పెదను, వినుడు.

"సోయాచిక్కుడులో ఒక పోషకాంశము తక్కువగా ఉండును. ఆ కొరతను తీర్చుటకై ఒక సంస్థవారు బ్రెజిలు గింజ అను ఒక గింజలోని జన్యువును తెచ్చి సోయాలో చేర్చిరి. వేరుసెనగ కొందరికి పడనట్లే బ్రెజిలు గింజయు కొందరి ఒంటికి పడదు. తిన్నంతనే దద్దురులు లేచును, ఊపిరి ఆడదు. ఆ పడని గుణము జన్యువుతోపాటు సోయాకును వచ్చెనని పరీక్షలో తేలినట్లు 1996లో ప్రకటించిరి. ఆ సోయా అంగళ్ళకు రాకమునుపే నిలిచిపోయెను. ఈ కథ రెండు సంగతులు నేర్పును. ఒకటి, పరీక్ష సరిగా చేసినచో అపాయము ముందే తెలియును. రెండు, ఏ గింజలోని గుణము ఏ గింజలోనికి వచ్చెనో తినువానికి తెలియకున్నచో వాడు తన్ను తాను కాపాడుకొనజాలడు.

"రెండవ కథ మొక్కజొన్నది. అమెరికాలో స్టార్‌లింకు అను జన్యుమార్పిడి మొక్కజొన్నను పశువుల మేతకు మాత్రమే అనుమతించిరి. మనుష్యులు తినుటకు అనుమతి లేదు. ఐనను 2000వ సంవత్సరములో అది మనుష్యులు తిను రొట్టెలలో కనబడెను. ఆ తినుబండారములను అంగళ్ళనుండి వెనుకకు తీసికొనవలసివచ్చెను. ఎవరును కావలెనని కలుపకపోయినను గింజ గింజతో కలియును. చేనిలో గాలి పుప్పొడిని మోయును. కళ్ళములో, గిడ్డంగిలో, లారీలో, రైలుపెట్టెలో మిగిలిన గింజ తరువాతి గింజతో చేరును. మన రేణిగుంట కూడలిని చూచినవారికి ఇది చెప్పనక్కరలేదు."

పిల్లలు నిశ్శబ్దముగా వినుచుండిరి. అయ్యవారు నల్లబల్లపై 'వంకాయ' అని వ్రాసి మరల ఇట్లు చెప్పెను.

"ప్రత్తిని మనము ప్రధానముగా కట్టుకొందుము, వంకాయను తిందుము. వంకాయకును పురుగు బాధ మెండు. కొమ్మను కాయను తొలుచు పురుగును చంపుటకు రైతులు మాటిమాటికి మందు చల్లవలసివచ్చును. ఆ మందు కొంత మన పళ్ళెములోనికిని వచ్చును. ఈ బాధ తప్పించుటకని బి.టి. వంకాయను తయారుచేసిరి. 2009 అక్టోబరు 14వ తేదిన కేంద్రప్రభుత్వపు జన్యు ఇంజనీరింగు ఆమోద సంఘము దాని సాగునకు సమ్మతించెను. దేశమంతట అలజడి పుట్టెను. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ గారు వెంటనే అనుమతి ఈయక, ప్రజల అభిప్రాయము వినదలచి ఏడు నగరములలో సభలు జరిపిరి. కలకత్తా, భువనేశ్వరము, అహమ్మదాబాదు, నాగపురము, చండీగఢ్, హైదరాబాదు, బెంగుళూరు అను నగరములవి. హైదరాబాదు సభ 2010 జనవరి 31న జరిగెను. రైతులు, శాస్త్రజ్ఞులు, గృహిణులు, వైద్యులు, విద్యార్థులు ఆ సభలలో తమ మాట చెప్పుకొనిరి.

"అనుకూలురు, మందుల ఖర్చు తగ్గుననియు, మందు చల్లు కూలీల ఆరోగ్యము నిలుచుననియు చెప్పిరి. ప్రతికూలురు, వంగ మన దేశమున అనాదిగా పండుచున్న పంట యనియు, ఊరికొక రకముగా ఉన్న దాని వైవిధ్యము చెడుననియు, విత్తనమునకు రైతు పరాధీనుడగుననియు, పరీక్షలు మరికొంతకాలము స్వతంత్రులచే జరుగవలెననియు వాదించిరి. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రమును స్థాపించిన పుష్పమిత్ర భార్గవగారు పరీక్షలు చాలవని చెప్పిన ప్రముఖులలో నొకరు. ఆమోద సంఘపు పనిని పరిశీలించుటకు 2008లో సుప్రీంకోర్టు వారిని నియమించియుండెను. మన రాష్ట్రముతోపాటు పలు రాష్ట్రప్రభుత్వములును సందేహములు తెలిపెను. కడకు 2010 ఫిబ్రవరి 9న మంత్రిగారు బి.టి. వంకాయ విడుదలను నిలిపివేసిరి. మన పొరుగు దేశమైన బంగ్లాదేశము 2013లో అదే పంటకు అనుమతి ఇచ్చెను. ఒకే వంకాయ, రెండు దేశములు, రెండు తీర్పులు! ఆవాలలోను ఇట్టి వివాదమే వచ్చెను. 2022 అక్టోబరులో జన్యుమార్పిడి ఆవపంటకు ఆమోద సంఘము సమ్మతించెను. ఆ విషయమున 2024 జూలై 23న సుప్రీంకోర్టులోని ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు చెప్పిరి. పెద్దలే ఏకాభిప్రాయమునకు రానిచోట, తినువాడు తన మట్టునకు తాను నిర్ణయించుకొనుటకైన అవకాశము ఉండవలెను గదా! ఆ అవకాశమునకే చీటీ కావలెను."

"ఐతే చట్టము చీటీని గురించి ఏమి చెప్పుచున్నది, అయ్యవారూ?"

"చట్టములు ఉన్నవి. 2006 ఆహార భద్రతా ప్రమాణముల చట్టము, నియమములకు లోబడికాక జన్యుమార్పిడి ఆహారమును తయారుచేయరాదు, అమ్మరాదు, దిగుమతి చేయరాదు అని శాసించినది. పొట్లముల నియమములను 2012లో సవరించి, 2013 జనవరి 1 నుండి జన్యుమార్పిడి ఆహారము గల పొట్లముపై ముఖ్యభాగమున, పైయంచున, 'జి.ఎం.' అను రెండు ఆంగ్లాక్షరములు ఉండవలెనని విధించిరి. విదేశములనుండి వచ్చు 24 రకముల పంటల సరకులకు, అవి జన్యుమార్పిడివి కావను ధ్రువపత్రము 2021 మార్చి 1 నుండి కావలసివచ్చెను. పొరపాటున కలిసినది నూటికి ఒక పాలు మించరాదని అందులో హద్దు పెట్టిరి. అదే సంవత్సరము నవంబరులో ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఒక ముసాయిదాను ప్రకటించి, నూటికి ఒక పాలు గాని, అంతకు మించి గాని జన్యుమార్పిడి పదార్థమున్నచో చీటీపై ఆ మాట వ్రాయవలెనని ప్రతిపాదించెను.

"ఇతర దేశములలో ఈ హద్దు వేరువేరుగా ఉన్నది. యూరపు సమాఖ్యలో నూటికి 0.9 పాలు, ఆస్ట్రేలియాలో 1 పాలు, అమెరికాలో 5 పాళ్ళు. అమెరికాలో 2016లో చట్టము చేసి, 2022 జనవరి 1 నుండి తప్పనిసరి గావించిరి. ఇక మీ అవ్వ ప్రశ్న సరిగా ఇక్కడనే తగులును. శుద్ధిచేసిన నూనెలో జన్యువుగాని మాంసకృత్తుగాని కనబడనంతగా పోవునని చెప్పితిని గదా! కనబడనిదానికి చీటీ అక్కరలేదని అమెరికా పద్ధతి. నూనెలో కనబడినను కనబడకున్నను, అది జన్యుమార్పిడి గింజనుండి వచ్చినచో చీటీ ఉండవలసినదే యని యూరపు పద్ధతి. మొదటివారు పొట్లములో ఏమున్నదని అడుగుచున్నారు. రెండవవారు అది ఎట్లు వచ్చినదని అడుగుచున్నారు. మీ అవ్వ గానుగ ప్రక్కన కూర్చుండి ఈ రెండింటిని ఒకేసారి చూచినది."

మనుమరాలు కొంత ఆలోచించి, "నూనెను పరీక్షించినను తెలియనప్పుడు, అది ఏ గింజదో యూరపువారు ఎట్లు కనిపెట్టుదురు?" అని అడిగెను.

"కాగితములచేత. రైతునుండి మిల్లునకు, మిల్లునుండి వర్తకునకు, వర్తకునినుండి అంగడికి సరకు చేతులు మారినప్పుడెల్ల అది ఏ గింజయో వ్రాసి ఇచ్చి, ఆ వ్రాతను భద్రపరచవలెను. ఆ వరుసలో ఒక్కరు అబద్ధమాడినను చీటీ అబద్ధమగును. కావున చీటీ అనగా సిరాతో అచ్చువేసిన కాగితము మాత్రమే కాదు. దాని వెనుక నిలిచిన మనుష్యుల నిజాయితీ.

"ఇంతకంటె చిక్కులు మరికొన్ని కలవు. సంతలో బుట్టలో పోసిన వంకాయకు చీటీ ఎక్కడ అంటింతుము? స్టేషనులో అమ్ము మురుకులు ఏ నూనెలో వేగినవో ఎవరు చెప్పుదురు? ప్రత్తిగింజల చెక్క తిన్న గేదె పాలపై ఏమని వ్రాయవలెను? మరియొకటి. పొట్లముపై వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరి లిపిలో హిందీయందుగాని ఉన్నచో చాలునని నియమము. తెలుగు ఉండవచ్చును, ఉండితీరవలెనని లేదు. తెలుగు మాత్రమే చదువగలవాడు తన ఊరి అంగడిలో తాను కొన్న పొట్లమును చదువలేకున్నాడు. చదువు రానివారి మాట చెప్పనేల? పచ్చచుక్క గుర్తును 2001లో తెచ్చిరి. దానిని మీ అవ్వ ఎంత సులువుగా గుర్తించెనో చూచితివి గదా!

"విజ్ఞానము నిలిచియుండునది కాదు. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వము రెండు క్రొత్త వరి రకములను ప్రకటించెను. అందులో ఒకదాని పేరు కమల. హైదరాబాదులోని భారతీయ వరి పరిశోధన సంస్థవారు మన సాంబమసూరినుండియే దానిని రూపొందించిరి. ఇందులో పరాయి జాతి జన్యువును చేర్చలేదు; వరియందే ఉన్న జన్యువును సవరించిరి. ఇట్టి సవరణకు జన్యుమార్పిడి నియమములనుండి 2022లోనే మినహాయింపు ఇచ్చిరి. అట్లయిన దాని బియ్యపు సంచిపై ఏమైనా వ్రాయవలెనా, అక్కరలేదా? మీరు పెద్దవారైనప్పుడు ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారు మీరే."

గంట మ్రోగెను. ఐనను పిల్లలు లేవలేదు. అయ్యవారు వారికొక పని ఒప్పగించెను. ఇంట ఖాళీయైన పొట్లములను పారవేయక తరగతికి తేవలెను. ఒక్కొక్క చీటీని చదివి, అందున్నవానిని ఒక వరుసలోను, తాము తెలిసికొనదలచియు కనుగొనలేకపోయినవానిని మరియొక వరుసలోను వ్రాయవలెను. వారము దినములలో తరగతి గోడ ప్రక్కన పొట్లముల గుట్ట చేరెను. మిశ్రమ నూనెల పొట్లములపై ఏ నూనె ఎంతపాలో వ్రాసియుండుట పిల్లలు మొదటిసారి గమనించిరి. తినుబండారముల పొట్లములపై పదార్థములు తూకము చొప్పున ఎక్కువనుండి తక్కువకు వరుసగా వ్రాయబడునని అయ్యవారు చెప్పగా, ఇన్నినాళ్ళు తాము కొన్నది అధికభాగము ఏమిటో తెలిసికొని ఆశ్చర్యపడిరి.

మనుమరాలు మరియొక పని చేసెను. తాను కొన్న నూనె తయారుచేసినవారి చిరునామా చీటీపై ఉన్నది గదా! వారికి అయ్యవారి సహాయముతో ఒక జాబు వ్రాసెను. "మీ నూనె ఏ ప్రత్తిగింజలనుండి తీసినది? అవి జన్యుమార్పిడి గింజలా? మా అవ్వ తెలిసికొనగోరుచున్నది" అని మూడు వాక్యములే వ్రాసెను. ఒక నెల గడచిన పిమ్మట బదులు వచ్చెను. తమ నూనె చక్కగా శుద్ధిచేయబడినదనియు, అన్ని ప్రమాణములకు లోబడియున్నదనియు, నిశ్చింతగా వాడవచ్చుననియు అందులో మర్యాదగా వ్రాసియుండిరి.

మనుమరాలు దానిని చదివి వినిపించెను. అవ్వ సాంతము వినెను. "అడిగినది గింజను గురించి. చెప్పినది నూనెను గురించి. ఐనను బదులు వ్రాసినారు, మంచివారే. మరల వ్రాయుము పాపా! ఈసారి ఒక్క ప్రశ్నయే అడుగుము" అనెను.

"ఆ నూనె చెడ్డది కాదని అయ్యవారు చెప్పినారు గదా, అవ్వా! ఇంక ఎందులకు?"

"చెడ్డదని నేనును అనలేదే! మీ అయ్యవారు చదివినవారు. వారి మాట నమ్మెదను. పొలములో మందు కొట్టి పడిపోయినవారిని నేను చూచితిని. పురుగు తనంతట చచ్చు చెట్టు వచ్చినచో ఆ కూలివాండ్రకు మేలేమో, అదియు నాకు తెలియును. కాని ఇంట వండి పెట్టునది నేను. నా చేతితో పెట్టునది ఏమిటో నాకు తెలియవలెను. తెలిసిన తరువాత వాడుదునో మానుదునో అది నా యిష్టము. తెలియనీయకుండిన, నా యిష్టమును వారు తీసికొనినట్లు గదా!" అని అవ్వ పలికెను.

బాలబాలికలారా! అవ్వ చెప్పిన ఈ మాటయే చట్టములోను ఉన్నది. వస్తువు యొక్క గుణము, పరిమాణము, స్వచ్ఛత, ప్రమాణము, ధర తెలిసికొనుట వినియోగదారుని హక్కు అని 1986 వినియోగదారుల రక్షణ చట్టము చెప్పెను. దాని స్థానమున వచ్చిన 2019 చట్టమును అట్లే చెప్పుచున్నది. మొదటి చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించిన డిసెంబరు 24వ తేదిని జాతీయ వినియోగదారుల దినముగా జరుపుకొనుచున్నాము. మోసము జరిగినదని తోచినచో 1915 సంఖ్యకు ఫోను చేసి చెప్పుకొనవచ్చును. అందుకు కొనుగోలు రసీదు దాచుకొనుట అవసరము.

ఐతే హక్కుతోపాటు బాధ్యతయు కలదు. ఎవరో చెప్పిరని ఒక ఆహారమును విషమనుట తగదు. ఎవరో పొగడిరని దానిని అమృతమనుటయు తగదు. చీటీని చదువవలెను. తెలియనిదానిని తెలిసినవారిని అడుగవలెను. వారు చెప్పినదానికి ఆధారమేమని మర్యాదతో మరల అడుగవలెను. ముఖ్యముగా, ఇంటిలో చదువు రాని పెద్దలున్నచో వారికి చదివి వినిపింపవలెను. పొట్లముపై వ్రాసిన మాటను చదువుట సులభము. వ్రాయని మాటను గమనించుటకు అవ్వవంటి బుద్ధి కావలెను.

మనుమరాలు రెండవ జాబు ఆ సాయంకాలమే వ్రాసి, మరునాడు బడికి పోవుచు తపాలాపెట్టెలో వేసెను.

ప్రశ్నలు

1. పూర్వము అవ్వకు చీటీతో పని లేకపోవుటకు కారణమేమి? నేడు చీటీ ఎందులకు అవసరమయ్యెను?
2. సంకరమునకును జన్యుమార్పిడికిని గల భేదమును ఉదాహరణములతో వ్రాయుము.
3. బి.టి. వంకాయ విషయమున ఇరుపక్షములవారు చెప్పిన వాదములేవి? నీ అభిప్రాయమేమి?
4. శుద్ధిచేసిన నూనె చీటీ విషయమున అమెరికా పద్ధతికిని యూరపు పద్ధతికిని గల తేడా ఏమి? అవ్వకు ఏ పద్ధతి నచ్చును? ఎందుచేత?
5. "వ్రాయలేదనగా ఆ గుణము లేదనియా, ఉన్నదని చెప్పలేదనియా?" ఈ మాటను ఎవరు, ఎవరితో, ఏ సందర్భమున అనిరి?
6. మీ ఇంటనున్న ఒక పొట్లపు చీటీని చదివి, అందున్న వివరములను, నీవు తెలిసికొనదలచిన ఇతర వివరములను రెండు వరుసలుగా వ్రాయుము.